ఎడమ పెట్టె

మైకుసెట్టు అద్దెకిచ్చే రోజుల్లో, తన టేపుల్ని ఎవరైనా ముట్టుకున్నారో లేదో కనిపెట్టడానికి ఆయన ఒక కిటుకు పెట్టుకున్నాడు. టేపుని మొదటికంటా తిప్పేసి, చక్రంలో పెన్సిలు దూర్చి రెండు చుట్లు ముందుకి తిప్పి పెట్టేవాడు. పనివాళ్ళలో ఎవడన్నా చాటుగా వేసుకుని విన్నాడనుకోండి, మళ్ళీ పెట్టేటప్పుడు పూర్తిగా మొదటికి తిప్పుతాడు. ఆ రెండు చుట్లూ ఉండవు. దొరికిపోతాడు. ముప్పయ్యేళ్ళలో పదకొండు మందిని అలా పట్టుకున్నాడు. ఒక్కణ్ణీ ఒక్క మాటా అనలేదు. నాకు తెలిసిపోయింది సుమా అన్నట్టు ఒక చూపు చూసి ఊరుకునేవాడు. ఆ చూపుకే వాళ్ళు సగం చచ్చిపోయేవాళ్ళు.

అందరూ ఆయన్ని సెట్టాయన అంటారు. సెట్టు అమ్మేసి తొమ్మిదేళ్ళయినా ఆ పేరు ఆయన్ని వదల్లేదు. మాట తక్కువ, అనుమానం ఎక్కువ. "కళ్ళజోడు కనపడకపోతే మీ నాన్న ముందు నా వంక చూస్తారు, ఆ తర్వాతే బల్ల మీద చూస్తారు" అని ఆయన భార్య కూతురితో చెప్పేది. ఆయన ఎదురుగానే చెప్పేది. ఆయన విననట్టే ఉండేవాడు.

సెట్టు అమ్మాడు గాని టేపులు అమ్మలేదు. ఎనిమిది వందల పైచిలుకు. మంచాల కింద, బీరువా మీద, కుట్టుమిషను అడుగున, ఎక్కడ చెయ్యి పెట్టినా అవే. చెమ్మకి బూజు పట్టడం మొదలైంది. కూతురూ అల్లుడూ ఈ ఇంటికే వచ్చి ఉండటం మొదలుపెట్టాక, అల్లుడు వాటిని కాపాడే పని నెత్తికెత్తుకున్నాడు. అల్లుడికి మందుల గోదాములో సరుకు సర్దించే ఉద్యోగం. ఏ పెట్టె ఏ అరలో ఉందో తెలియకపోతే అన్నం సయించని మనిషి. టేపు ఆడించే మిషను ఒకటి తెచ్చి, దానికీ కంప్యూటరుకీ తీగ కలిపి, ఒక్కో టేపే కంప్యూటర్లోకి ఎక్కించాడు. నాలుగు నెలలు పట్టింది. టేపు తన నడక తను నడుస్తుంది, తరిమితే రాదు. ప్రతి టేపు దగ్గరా సెట్టాయన కాపలా కూర్చున్నాడు. సాయం చెయ్యడానికని అల్లుడు అనుకున్నాడు. కాపలాకే.

పాటలన్నీ ఇప్పుడు ఇటుకంత నల్లపెట్టెలో ఉన్నాయి. గుమ్మం పక్కన చెప్పుల స్టాండు పై అరలో ఉంటుంది ఆ పెట్టె. రెండు పచ్చదీపాలు కన్నార్పకుండా వెలుగుతుంటాయి. ఇంట్లో కంప్యూటర్లు నాలుగు. హాల్లో సెట్టాయనది. అల్లుడిది ఒకటి, కూతురిది ఒకటి. నాలుగోది అల్లుడి పాత ల్యాప్‌టాప్, వంటింట్లో ఉంటుంది. దాని మూత నిలబడదు. పిండి డబ్బాకి చేరేసి వాడుకుంటారు.

"ఒక్కచోట పెడితే అన్నిచోట్లా ఉంటుంది మావయ్యగారూ. నాలుగూ ఆ పెట్టెతో సింక్ అవుతుంటాయి," అన్నాడు అల్లుడు మొదటి రోజున. సెట్టాయన తల ఊపాడు. అల్లుడు ఆ తర్వాత కూడా ఏదో చెప్పాడు. సగం మాట వినేసరికి మొత్తం తెలిసిపోయిందనుకోవడం సెట్టాయనకి చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు. చెవులు అప్పటికే ఇంకో పని మీద ఉన్నాయి.

ఆయన తన కంప్యూటర్లో పాటల్ని తన పద్ధతిలో పెట్టుకున్నాడు. పద్ధతి అంటే సెట్టు పద్ధతే. పెళ్ళికో సభకో ఎనిమిదేసి గంటలు పాటలు వెయ్యాలి. వేసిన పాటే మళ్ళీ వేస్తే నవ్వుతారు. అందుకని సెట్టుకి రెండు పక్కలా రెండు చెక్కపెట్టెలు. వెయ్యాల్సినవి కుడిపెట్టెలో, వేసేసినవి ఎడమపెట్టెలో. పని అయిపోయాక ఎడమపెట్టెలోవన్నీ మళ్ళీ కుడిపెట్టెలోకి. పనివాళ్ళ మీద నమ్మకం లేక టేపులు అందించడానికి భార్యనే పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆవిడ చెయ్యి చూడకుండానే కుడినుంచి తీసేది, చూడకుండానే ఎడమలో వేసేది. కంప్యూటర్లో కూడా సెట్టాయన తనంతట తనే ఒక ఎడమపెట్టె చేసుకుని, ఎవరినీ అడక్కుండా చేసినందుకు లోలోపల కాస్త పొంగిపోయాడు.

ఆ ఎనిమిది వందల్లో ఒక్కటి మాత్రం వేరు. దాని మీద చీటీ "మైకు టెస్ట్ 7". మైకు టెస్టులు మొత్తం పదకొండు. కొత్త చోట సెట్టు కట్టినప్పుడు గుయ్యిమని హమ్ వస్తోందో లేదో తర్వాత తీరిగ్గా వినడానికి రికార్డు చేసుకునేవాడు. వాటిలో ఏముంటుంది? హలో, హలో, ఒకటి, రెండు, మూడు. అలాంటివి ఎవడూ దొంగిలించడు. అందుకే దానికా పేరు పెట్టాడు.

ముప్పై ఒక్కేళ్ళ కిందటి సంగతి. ఒక పెద్ద మైదానం. సభ సాయంత్రం. కుర్చీలు వేస్తున్నారు. ఆయన మిషన్లో రికార్డు నొక్కి, భార్య చేతికి మైకిచ్చి, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమని చెప్పి, మైదానం చివర కట్టిన ఆఖరి హారన్ దగ్గరికి నడిచాడు. నిచ్చెన ఎక్కి తీగ బిగిస్తుండగా హలో హలో అని రెండుసార్లు వినపడింది. తర్వాత ఏం మాట్లాడాలో తోచలేదేమో, ఆవిడ పాడింది. జోలపాట, వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నది. ఆవిడ ఎవరి ఎదుటా పాడదు. చిన్నప్పుడు ఎవరో నవ్వారట. పెళ్ళయిన కొత్తలో పాడమని ఆయన అడిగితే, తన గొంతు తిరగలి అనేసింది. ఆ గొంతు ఆ పొద్దున ఖాళీ కుర్చీల మీదుగా వచ్చి హారన్‌లోంచి ఆయన చెవి పక్కన పలికింది. ఆయన నిచ్చెన మీద అలాగే ఉండిపోయాడు. నిమిషాల లెక్కన చూస్తే నాలుగున్నర.

ఆ సంగతి ఆయన ఆవిడకి చెప్పలేదు. తెలిస్తే చెరిపేసేదాకా ఊరుకోదని భయం. ముందు రెండు రోజులు దాచాడు, తర్వాత ఏడాది దాచాడు. ఏడాది దాచిన మాట ఇంకెప్పుడు చెప్తాం? అలా దాగిపోయింది. ఆవిడ ఇంట్లో లేనప్పుడే వినేవాడు. ఆ టేపు, శబ్దం బయటికి రాకుండా, కంప్యూటర్లోకి ఎక్కుతుండగానే దాని మీది పూత రాలి మిషన్‌కి గోధుమరంగు పొడిలా అంటుకుంది. ఇంకోసారి ఆడించడానికి అందులో ఏమీ మిగల్లేదు. ఆ పాట ఇక కంప్యూటర్లో ఉన్నదే.

ఒక మంగళవారం ఆవిడ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. సెట్టాయన తలుపు గడియ పెట్టి, ఇయర్‌ఫోన్లు తగిలించుకుని వెతికాడు. టెస్ట్ 1 నుంచి 6 దాకా ఉన్నాయి. 8 నుంచి 11 దాకా ఉన్నాయి. ఏడు లేదు.

ఎడమపెట్టెలో చూశాడు. దాన్ని ఆయన ఎన్నడూ ఎడమపెట్టెలో వెయ్యడు, అయినా చూశాడు. లేదు. ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, మెల్లగా లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. నల్లపెట్టె పచ్చకళ్ళతో ఆయన్నే చూస్తోంది.

ఎవరి పనో ఆలోచించడానికి ఆయనకి అట్టే సేపు పట్టలేదు. ఈ పెట్టె పెట్టింది ఎవరు? అల్లుడు. చోటు చాలడం లేదు, చోటు చాలడం లేదు అని రోజూ గొణిగేది ఎవరు? అల్లుడు. "ఈ మైకు టెస్టులు కూడా ఉంచాలంటారా మావయ్యగారూ?" అని మూడు నెలల కిందట అడిగింది ఎవరు? మాట గుర్తుకు రాగానే ఒళ్ళు మండింది. అడిగేద్దామని సాయంత్రం దాకా కాచుకున్నాడు. తీరా అల్లుడు వచ్చి చెప్పులు విప్పుతుంటే వెనక్కి తగ్గాడు. పోయిందని అడిగితే, అందులో ఏముందని వాడు అడుగుతాడు. ఏముందో చెప్పాలి. వంటింట్లో ఆవిడ వింటుంది.

అందుకని సెట్టాయన తనకి చేతనైన పని మొదలుపెట్టాడు. కాపలా.

పాత డైరీ ఒకటి తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. "అల్లుడు. పొద్దున ఏడుంపావు. పెట్టె దగ్గర. నాలుగు నిమిషాలు." మర్నాడు, "ఏడూ ఇరవై. పెట్టె దగ్గర. మూడు నిమిషాలు. చుట్టూ చూశాడు." మూడో రోజు ఆ డైరీ భార్య కంట్లో పడింది. ఆవిడ నిలబడే చదివి బల్ల మీద పెట్టేసింది.

"చెప్పులు వేసుకోవాలంటే చెప్పుల స్టాండు దగ్గరికి కాకపోతే దేవుడి గదిలోకి వెళ్తాడా?"

ఆ రోజునుంచి సెట్టాయన డైరీ దిండు కింద పెట్టుకున్నాడు.

ఇంతలో అల్లుడే ఒకసారి ఆయన కుర్చీ పక్కకి వచ్చి నిలబడి, మీ కంప్యూటర్లో పాటలన్నీ సరిగ్గా ఉన్నాయా అండీ అని అడిగాడు. ఉన్నాయన్నాడు సెట్టాయన. ఏమీ పోలేదు కదా అని మళ్ళీ అడిగాడు. పోవడానికి కాళ్ళున్నాయా అన్నాడు సెట్టాయన. అల్లుడు ఒక వెర్రినవ్వు నవ్వి వెళ్ళిపోయాడు. తీసినవాడే ముందుగా వచ్చి అడుగుతాడు. ఆ పదకొండు మందిలో నలుగురు అలాగే అడిగారు, టేపులన్నీ ఉన్నాయా గురువుగారూ అని. పైగా ఈమధ్య తను గదిలోకి వస్తే అల్లుడు ల్యాప్‌టాప్ మూత దించేస్తున్నాడు. ఇది కూడా డైరీకెక్కింది.

రెండు చుట్లు తిప్పి పెట్టే కిటుకు కంప్యూటర్లో కుదరదు. ఇంకోటి ఆలోచించాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మైకు ముందు కూర్చుని, మూడు నిమిషాల పాటు వేలి కణుపులతో బల్ల మీద కొట్టాడు. దానికి "మైకు టెస్ట్ 12" అని పేరు పెట్టి మిగతావాటి మధ్య వదిలాడు. చోటు కోసమే అల్లుడు మైకు టెస్టులు తీసేస్తుంటే దీన్ని కూడా తీస్తాడు. ఎరకి చిక్కుతాడు.

ఆరు రోజులు చూశాడు. పన్నెండోది ఉన్నచోటే ఉంది. సెట్టాయనకి ధీమాకి బదులు కంగారు పుట్టింది. తీసినవాడు చోటు కోసం తియ్యలేదన్నమాట. ఏది ఏమిటో విని, తెలిసి, ఏరి తీశాడన్నమాట. ఆవిడ గొంతు వాడి చెవిన పడిందన్నమాట. ఇవాళ కాకపోతే రేపు కూతురికి చెప్తాడు. అది వాళ్ళమ్మ చెవిన వేస్తుంది. ముప్పై ఒక్కేళ్ళు కడుపులో పెట్టుకున్నది గోదాములో అరలు సర్దేవాడి నోట బయటపడుతుంది.

శుక్రవారం భోజనాల దగ్గర కూతురు మొదలుపెట్టింది. కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఆ వారం మధ్యాహ్నం నుంచి పని. పొద్దున బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ పాటలు పెట్టుకుంటే, వింటుండగానే ఒక్కోటీ మాయమైపోతున్నాయట. ఇరవై పాటలు వరసగా పెట్టుకుంటే పదకొండింటికల్లా తొమ్మిది మిగులుతున్నాయట. రాత్రి చూస్తే అన్నీ ఉంటున్నాయట. ఇంట్లో దయ్యం తిరుగుతోందేమో, దానికి కూడా నాన్నకి నచ్చే పాటలే నచ్చుతున్నట్టున్నాయి అంది.

అల్లుడు కంచంలోంచి తలెత్తలేదు. తను కూడా పది రోజులుగా చూస్తున్నానన్నాడు. ఏదో వైరస్ అయ్యుంటుంది, వంటింటి ల్యాప్‌టాప్ పాతది కాబట్టి దాంట్లోనే దూరి ఉంటుంది, ఆదివారం దాన్ని మొత్తం తుడిచేసి కొత్తగా చేస్తానన్నాడు. సెట్టాయన భార్య కూర గిన్నె తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

సెట్టాయన అల్లుడి మొహం వంకే చూస్తున్నాడు. ఎంత అమాయకంగా పెట్టాడు మొహం. తీసుకెళ్ళి ఆ మూత విరిగిన దాంట్లో దాచాడు, ఇప్పుడు గుట్టు బయటపడేలా ఉందని దాన్ని తుడిచేస్తానంటున్నాడు. తుడిచేస్తే ఇంకేముంది? ఏడో నంబరు ఉండదు. ఎక్కడా ఉండదు. నీళ్ళు తాగి లేచాడు.

ఆదివారం టీలు తాగడం అయ్యాక అల్లుడు వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. పిండి డబ్బా పక్కకి జరిపి, ల్యాప్‌టాప్ మూత ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేత్తో ఏవేవో నొక్కుతున్నాడు. కూతురు గట్టు మీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది. ఆవిడ గిన్నెలు తోముతోంది. సెట్టాయన గుమ్మంలో నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, ఇందులో మీకు కావలసినవి ఏమన్నా ఉన్నాయా? ఇది నొక్కితే ఇంక ఏమీ మిగలవు."

"నాదేముంటుంది బాబూ అందులో. అన్నీ ఆ నల్లపెట్టెలోనే కదా ఉండేది," అంది ఆవిడ తిరక్కుండానే.

అల్లుడి వేలు లేచింది.

"ఆపండి అల్లుడుగారూ," అన్నాడు సెట్టాయన.

కోపం వచ్చినకొద్దీ మర్యాద పెరిగే మనిషి ఆయన. అది తెలిసిన కూతురు కాళ్ళు ఊపడం ఆపేసింది.

"మైకు టెస్ట్ ఏడు తమరు ఎక్కడ పెట్టారో చెప్పండి. ఆ తర్వాత తుడుచుకోండి."

అల్లుడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. నేను తీశాననుకుంటున్నారా అని అడిగాడు. ఈ ఇంట్లో ఆ పెట్టె దగ్గరికి వెళ్ళేది తమరొక్కరే అన్నాడు సెట్టాయన. తారీఖులు, వేళలు రాసి పెట్టుకున్నానని కూడా అన్నాడు. అనకూడదనుకున్నదే, నోరు జారింది. అల్లుడు మూత దించేశాడు. లేచి తన గదిలోకి వెళ్ళాడు. అలిగి వెళ్ళిపోయాడనుకుంది కూతురు. కాదు, తన ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి సెట్టాయన ముందు పెట్టి, కుర్చీ లాగి కూర్చోమన్నాడు.

"మీరే చదవండి మావయ్యగారూ. ఏ కంప్యూటర్‌లోంచి ఏ పాట ఎప్పుడు తీశారో ఆ పెట్టె రాసుకుంటుంది. వారం కిందట చూశాను నేను. ఎవరితోనూ అనలేదు, వైరస్ అన్నది కూడా అందుకే. మీరొస్తుంటే మూసేస్తున్నాను కూడా. ఎందుకంటే మీరే చదవండి."

సెట్టాయనకి చదువు అంతంతమాత్రం. వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు. తొలగించినది: హాలు. తొలగించినది: హాలు. తొలగించినది: హాలు. పాట పేరు, వేళ, హాలు. పొద్దున తొమ్మిదినుంచి పదకొండు దాకా హాలు. సాయంత్రం ఏడింటికి, చేర్చినది: హాలు. తెర కిందికి జరిపితే ఇంకా హాలు, ఇంకా జరిపితే ఇంకా హాలు. హాల్లో ఉన్నది ఆయన ఒక్కడే.

కూతురికి నవ్వొచ్చింది గాని వాళ్ళమ్మ వీపు చూసి మింగేసింది.

తీయలేదు, ఎడమపెట్టెలో వేశాను అన్నాడు సెట్టాయన. ఎడమపెట్టె ఏమిటని అల్లుడు అడిగాడు. అప్పుడు చెప్పుకోవలసి వచ్చింది. విన్న పాటని పాటల ఫోల్డర్‌లోంచి లాగి బయట ఇంకో ఫోల్డర్‌లో వేస్తున్నాడు, భోజనానికి ముందు మళ్ళీ అన్నీ తెచ్చి లోపల పెడుతున్నాడు. వేసిన పాట మళ్ళీ వెయ్యకూడదు కదా. అల్లుడు నుదురు పట్టుకున్నాడు.

"బయటికి తీస్తే ఆ పెట్టెకి అది లేనట్టే లెక్క. ఒకచోట పెడితే అన్నిచోట్లా ఉంటుంది, ఒకచోట తీస్తే అన్నిచోట్లా పోతుంది. మొదటి రోజే రెండూ చెప్పాను మావయ్యగారూ."

రెండోది సెట్టాయన వినలేదు. ఆ ముక్క పైకి అనలేదు గాని మొహంలో కనపడింది. తలకాయ కొట్టేసినట్టయింది. అయినా ఆయన అనుమానం అంత తేలిగ్గా చచ్చేది కాదు.

"ఏడో నంబరుని నేను ఎప్పుడూ ఎడమలో వెయ్యను. అది కూడా హాలు అనే ఉంటుందా?"

అల్లుడు వెతికాడు. ఒకచోట ఆగాడు. వెనక్కి వెళ్ళి మళ్ళీ చూసుకున్నాడు. హాలు కాదన్నాడు. "వంటిల్లు. పంతొమ్మిది రోజుల కిందట. మధ్యాహ్నం రెండూ పదికి."

మధ్యాహ్నం రెండూ పదికి అల్లుడు గోదాములో ఉంటాడు. కూతురు దుకాణంలో ఉంటుంది. సెట్టాయన మంచం మీద గుర్రు పెడుతుంటాడు. ముగ్గురూ గిన్నెలు తోముతున్న మనిషి వంక చూశారు. ఆవిడ నీళ్ళు కట్టేసింది. చేతులు తుడుచుకుంటూ తిరిగింది.

"విన్నది ఎడమపెట్టెలో వెయ్యాలని నాకు నేర్పింది మీరే కదా," అంది భర్తతో.

అల్లుడు వంటింటి ల్యాప్‌టాప్ మూత మళ్ళీ ఎత్తాడు. తెర మీద ఒక మూలన ఉంది, ఎడమ అని పేరు పెట్టిన ఫోల్డర్. అందులో ఒకే ఒక్కటి. మైకు టెస్ట్ 7. అల్లుడు దాన్నే చూస్తూ, నొక్కబోయిన తన వేలిని రెండో చేత్తో పట్టుకున్నాడు. పోయినవాటిని మళ్ళీ తెచ్చుకునే ఏర్పాటు ఆ పెట్టెలో ఉంటుందట, చోటు తినేస్తుందని తనే ఆపేశాడట.

సాయంత్రం మళ్ళీ కుడివైపు పెట్టెయ్యలేదేమమ్మా అని కూతురు అడిగింది.

"ఇంకా అవ్వలేదు నాకు," అంది ఆవిడ.

ఎలా తెలిసిందని సెట్టాయన కళ్ళతోనే అడిగాడు.

"ఆ రోజు ఎర్రదీపం వెలుగుతోంది," అంది ఆవిడ. "ఆ సెట్టు పక్కన ఎన్నేళ్ళు కూర్చున్నాను నేను? రికార్డు దీపం ఏదో నాకు తెలీదనుకున్నారా? వెలుగుతోందనే పాడాను. ఇవాళ చెప్తారు, రేపు చెప్తారు అని చూశాను. చెప్పలేదు. బాగాలేదని, టేపు దండగని, దాని మీద ఇంకేదో ఎక్కించేసి ఉంటారనుకున్నాను. మీ టేపులన్నీ ఇందులోకి వచ్చాక మధ్యాహ్నాలు కూర్చుని వెతికాను. ఆరింటిలోనూ హలో తప్ప ఏమీ లేదు. ఏడోది పెట్టాను."

ముప్పై ఒక్కేళ్ళుగా ఆవిడ తనని అనుమానిస్తోంది. పదకొండు మందిని కనిపెట్టిన మనిషి, పక్కన కూర్చున్న మనిషి అనుమానాన్ని కనిపెట్టలేకపోయాడు.

ఎవరూ అడక్కుండానే అల్లుడు దాన్ని నొక్కాడు. కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు. హలో. హలో. తర్వాత పాట. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తల్లి పాడగా అది ఎన్నడూ వినలేదు. దాన్ని పెంచేటప్పుడు కూడా ఆవిడ పాడలేదు, వీపు మీద తట్టి నిద్రపుచ్చేది. పాట అయిపోయింది. సెట్టాయన లేచి ఆపబోయాడు. ఎప్పుడూ అక్కడ ఆపేసేవాడు. ఆ తర్వాత ఏముందో ఆయనకి తెలుసు.

"ఉండనివ్వండి," అంది ఆవిడ.

అడుగుల చప్పుడు దగ్గరగా వచ్చింది. ముప్పై ఒక్కేళ్ళు చిన్నదైన ఆవిడ గొంతు మెల్లగా అడిగింది, అక్కడికి వినపడిందా అని. ముప్పై ఒక్కేళ్ళు చిన్నదైన సెట్టాయన గొంతు జవాబు చెప్పింది. ఏం వినపడలేదు, అంతా హమ్, ఎర్తు వైరు చూడాలి. టక్కుమని చప్పుడు. అయిపోయింది.

"ఇది కూడా రోజూ వింటున్నాను," అంది ఆవిడ.

అల్లుడు తెర వంక చూశాడు. కూతురు నేల వంక చూసింది. సెట్టాయన చేతులు బల్ల అంచు పట్టుకుని ఉన్నాయి.

"వినపడింది," అన్నాడు. "చివరి హారన్ దాకా వినపడింది. హమ్ లేదు. ఏమీ లేదు."

"ఇప్పుడా చెప్పడం," అని ఆవిడ మళ్ళీ గిన్నెల వైపు తిరిగింది. తోమేసిన గిన్నెనే ఇంకోసారి తోమింది.

ఆ సాయంత్రం అల్లుడు ఏడో నంబరుని నల్లపెట్టెలో పెట్టాడు, ఇంకో రెండు చోట్ల కూడా దాచాడు. ఆపేసిన ఏర్పాటు మళ్ళీ మొదలుపెట్టాడు. పాటల ఫోల్డర్ లోపలే ఎడమపెట్టెలు రెండు చేసి, ఒకదాని మీద మావయ్యగారు అని, రెండోదాని మీద అత్తయ్యగారు అని రాశాడు. వాటిలో ఎంత వేసుకున్నా ఏమీ పోదని, ఈసారి సగంలో ఆగి, విన్నారా అని అడిగి, మిగతా సగం చెప్పాడు. సెట్టాయన రెండు సగాలూ విన్నాడు. తప్పయిందని చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాడు. ఆ మాట ఆయన నోటికి ఎన్నడూ అలవాటు లేదు.

"అల్లుడుగారూ, ఆ పన్నెండోది తీసెయ్యండి."

"అందులో ఏముందండీ?"

"ఏమీ లేదు. బల్ల మీద కొట్టాను."

"ఎందుకండీ?"

"తమరి కోసం," అన్నాడు సెట్టాయన.

అల్లుడు కాసేపు ఆలోచించాడు. అర్థమైంది. నవ్వుతాడేమో, కోప్పడతాడేమో అని సెట్టాయన చూస్తున్నాడు. అల్లుడు తీసెయ్యలేదు. చోటు ఉందిలెండి, ఉండనివ్వండి అన్నాడు. పైగా ఇంకో కిటుకు నేర్పాడు. ఏ పాటని ఏ కంప్యూటర్లో ఎప్పుడు విన్నారో కూడా చూసుకోవచ్చట. ఎక్కడ నొక్కాలో చూపించాడు. రెండు చుట్ల పెన్సిలు కిటుకు కంటే ఇది ఎంతో మేలు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం టీ తాగాక సెట్టాయన ఏడో నంబరు మీద నొక్కి చూస్తాడు. వంటిల్లు, మధ్యాహ్నం రెండూ పది. మర్నాడు, వంటిల్లు, రెండూ పన్నెండు. హాలు, మూడున్నర. ఈమధ్య ఆయన ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం లేదు. వంటింట్లోంచి ఆవిడ కూడా ఏమీ అనడం లేదు.

పదో రోజున ఇంకో వరస కనపడింది. అల్లుడి ల్యాప్‌టాప్. పొద్దున ఏడుంపావు. మొత్తం విన్నాడు, చివర హమ్ మాట దాకా.

సెట్టాయన దిండు కింద డైరీ తీసి తారీఖు వేసి రాసుకున్నాడు. ఎందుకు విన్నాడో కనుక్కోవాలి.